వాది లేని నేరము



దొంగతనమునకు సొత్తు పోగొట్టుకొన్నవాడు వాది. కొట్లాటకు దెబ్బ తిన్నవాడు వాది. మోసమునకు మోసపోయినవాడు వాది. హత్యయందు చచ్చినవాడు వచ్చి మొఱపెట్టుకొనజాలడు గనుక వాని పక్షమున ప్రభుత్వమే వాదియగుచున్నది. మరి తన్ను తాను చంపుకొనబోయి, దైవవశమున బ్రతికి బయటపడినవాని విషయమున వాది యెవడు, ప్రతివాది యెవడు? గాయము చేసినవాడును వాడే, గాయపడినవాడును వాడే. అయినను మన దేశమున 1862వ సంవత్సరము జనవరి 1వ తేదీ మొదలుకొని 2024వ సంవత్సరము జూన్ నెల తుదివరకు, అనగా నూట అరువదిరెండేండ్లకు పైగా, ఈ కార్యము శిక్షాస్మృతిలో నేరముగనే వ్రాయబడియుండెను. భారత శిక్షాస్మృతి 309వ సెక్షను దానికి స్థానము. ఒక సంవత్సరమునకు మించని సాధారణ కారాగారవాసమో, జరిమానాయో, రెండునో దానికి శిక్ష.

ఇట్టివానిని ‘బాధితుడు లేని నేరములు’ అని నేటి న్యాయవేత్తలు వ్యవహరించుచున్నారు. ఆ పేరు నాకు సంపూర్ణముగ రుచింపదు. కారణము తరువాత మనవి చేసెదను. నేను న్యాయవాదిని కాను. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ధర్మశాస్త్రములను గురుముఖమున కొంత చదివితిని. చట్టములను, తీర్పులను మాత్రము ఒక అక్కర వచ్చి నాయంతట నేనే చదువుకొంటిని.

ఈ నేరమును తెల్లదొరలు తెచ్చి మన నెత్తిన రుద్దిరని కొందఱందురు. అది సగము మాత్రమే సత్యము. ఆంధ్రదేశమున పెక్కు కుటుంబములవా రనుసరించు ఆపస్తంబసూత్రము ఆత్మఘాతకుని, పరఘాతకుని ఒకే గాటను కట్టినది. ఆత్మత్యాగులకు జలతర్పణము లేదని మనువు చెప్పెను. కౌటిల్యుడు అంతకంటె కఠినుడు. కామక్రోధములకు లోనై త్రాటివలననో, శస్త్రమువలననో, విషమువలననో ప్రాణము తీసికొన్నవాని శవమును రాజమార్గమున త్రాటితో నీడ్పింపవలెననియు, వానికి దహనాదిసంస్కారములు కూడవనియు, చేసిన బంధువునకును అదే గతి పట్టింపవలెననియు అర్థశాస్త్రమున విధించెను. ఇక బ్రతికి బయటపడినవాని మాట యేమందురా? యమస్మృతి దానికిని ఒక లెక్క కట్టినది: వానికి రెండువందల పణములు దండుగ, కుమారులకును మిత్రులకును తలకొక్క పణము. 309వ సెక్షనునకు ముత్తాత మన యింటనే యున్నాడని దీనివలన తెలియుచున్నది. మనవాడని ముత్తాతను దాచిపెట్టుట పండితునకు తగదు.

కాని ఆ శాస్త్రములే మఱియొక మాటయు చెప్పినవి. వానప్రస్థుడు జలవాయువులే ఆహారముగా ఈశాన్యదిక్కునకు శరీరము పడిపోవువరకు నడచిపోవచ్చునని మనువే యనుజ్ఞ యిచ్చెను. రఘువంశమున అజమహారాజు, భార్యావియోగముచే కృశించి, కుమారుడు రాజ్యభారము వహింపగలవాడైన పిదప, గంగాసరయూసంగమమున దేహము విడిచెను. కాళిదాసు ఆయనకు స్వర్గమునే యిచ్చెను గాని రాజమార్గమున నీడ్పింపలేదు. మన శ్రీశైలమునకు రండు. రెడ్డిరాజైన అనవేమారెడ్డి 14వ శతాబ్దమున మల్లికార్జునుని యాలయమున వీరశిరోమంటపము కట్టించెను. అచ్చట భక్తవీరులు తమ శిరస్సులను, నాలుకలను ఖండించి స్వామి కర్పించుచుండిరని శాసనము. రాజు వారిని దండింపలేదు, మంటపము కట్టించెను. జైనులలో సల్లేఖనవ్రతము నేటికిని కలదు. దానిని 2015వ సంవత్సరము ఆగస్టు నెలలో రాజస్థాన ఉన్నత న్యాయస్థానము నేరమని నిర్ణయింపగా, ఆ నెల తిరుగకమునుపే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది.

ఇచ్చట ఒక చిన్న ముచ్చట. ఈశావాస్యోపనిషత్తున ఆత్మహనులను గూర్చిన మంత్రము కలదు. దానిని ఉపన్యాసకులు తఱచుగా ఆత్మహత్య చేసికొన్నవారికి అన్వయించి, వారు అంధకారలోకములకు పోవుదురని సభలలో చెప్పుచుందురు. శంకరభగవత్పాదులు దానికి అట్టి యర్థము చెప్పలేదు. ఆత్మనెఱుగని అజ్ఞానులందఱు ఆత్మహనులే యని వారి భాష్యము. ఆ లెక్కను చూచినచో ఆ అంధకారమున ఉపన్యాసకులకును చోటు దొరకవచ్చును.

ఇక ఐరోపాఖండమునకు పోవుదము. కౌటిల్యుని యాజ్ఞను ఫ్రెంచివారు చదివియుండరు. అయినను 1670వ సంవత్సరపు వారి రాజశాసనము శవముపై విచారణ జరిపించి, దానిని బోరగిల పరుండబెట్టి వీథుల వెంట నీడ్పించుచుండెను. ఇంగ్లండున అట్టివాని దేహమును నాలుగుత్రోవలు కలియుచోట, గుండెలో మేకు దిగగొట్టి పాతిపెట్టుచుండిరి. ఆస్తి రాజునకు జప్తు. ఆలోచింపుడు: పోయినవాడు పోయెను, వాని భార్యాబిడ్డలకు సంపాదకుడును పోయెను, సంపాదనయు పోయెను, చూచుటకు సమాధియు లేకపోయెను. 1764వ సంవత్సరమున ఇటలీ దేశస్థుడైన బెక్కారియా నేరములను శిక్షలను గూర్చి యొక గ్రంథము వ్రాయుచు ఈ మాటనే యెత్తిచూపెను. ఈ శిక్ష పడిన, చల్లబడిన శవముపైనైనను పడవలెను, నిరపరాధులైన బంధువులపైనైనను పడవలెను. నేరస్థునిపై ఎన్నటికిని పడదు. పడనిదానిని శిక్ష యనుట యెట్లు? 1791వ సంవత్సరమున ఫ్రాన్సువారు క్రొత్త శిక్షాస్మృతి వ్రాసికొనునపుడు ఈ నేరమును చెప్పకయే విడిచిపెట్టిరి. కొట్టివేయలేదు, చర్చింపలేదు, ఊరక వ్రాయలేదు. చట్టమును మార్చుటకు అంతకంటె సులువైన త్రోవ నేను వినలేదు.

ఇంగ్లండువారు అట్లు చేయలేదు. చట్టమును అట్లే యుంచి, దానిచుట్టు ఒక అసత్యమును అల్లుకొనిరి. మరణకారణమును విచారించుటకు కూర్చుండు జూరీవారు చచ్చినవాని యిరుగుపొరుగువారే. వాని పిల్లలు వారి కండ్లయెదుటనే యుందురు. తెలిసి చేసికొన్నాడని వ్రాసినచో సొత్తు జప్తగును. మతి చలించి చేసికొన్నాడని వ్రాసినచో ఏమియు కాదు. వారు మతి చలించెననియే వ్రాయుచు వచ్చిరి. క్రమముగా దాదాపు ప్రతి తీర్పును అదే. న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టన్ 1769వ సంవత్సరమున దీనిపై కోపించి, ఆత్మహత్య చేసికొనుటయే ఉన్మాదమునకు నిదర్శనమని జూరీలు హద్దుమీఱి భావించుచున్నవని వ్రాసెను. పండితుని కోపము సమంజసమే. ఇరుగుపొరుగువారి దయయు సమంజసమే. తప్పంతయు వారిరువురిని అట్టి చిక్కున పెట్టిన చట్టమునది. ఆ చట్టము మిక్కిలి మెల్లగా కరిగినది: నాలుగుత్రోవల పాతర 1823లో పోయెను, ఆస్తి జప్తు 1870లో పోయెను, నేరమను పేరు 1961లో గాని పోలేదు. ఒరుల ఆత్మహత్యకు తోడ్పడుట మాత్రము నేరముగనే నిలిచినది; పదునాలుగేండ్లవరకు శిక్ష.

ఆ జూరీల కథ చదివినపుడు నాకు మన పల్లెలు జ్ఞప్తికి వచ్చినవి. తెలుగు పత్రికలు చదువువా రందఱు ఎఱిగిన వాక్య మొకటి కలదు: ‘కడుపునొప్పి తాళలేక’. అప్పులపాలైన రైతునకు కడుపునొప్పి. అత్తవారింట వేగలేని కోడలికి కడుపునొప్పి. ఇందఱకు ఇంత కడుపునొప్పి యెట్లు వచ్చినదో వైద్యులు చెప్పజాలరు. పంచనామా వ్రాయువారు చెప్పగలరు. ఇక బ్రతికినవారికి వేఱొక వాక్యము కలదు: ‘పొరపాటున త్రాగెను’.

ఆ వాక్యమును నేను స్వహస్తముతో వ్రాసితిని. 1987వ సంవత్సరపు వేసవి. కృష్ణాతీరమున ఒక పల్లెలో నాకు తెలుగు పండితుని ఉద్యోగము క్రొత్త. పదవ తరగతి ఫలితములు పత్రికలో పడిన దినమున నా విద్యార్థి యొకడు తన సంఖ్యను వెదకికొని, కానక, ఇంటికి పోయి, పొలమునకు తెచ్చియుంచిన మందు నోట పోసికొనెను. వాని తండ్రి కౌలురైతు. ట్రాక్టరుపై వేసికొని పట్టణపు ఆసుపత్రికి పోతిమి. అచ్చటివారు ఇది పోలీసు కేసు, కాగితము కానిదే ముట్టజాలమనిరి. ఒక గంట గడచినది. ఆ తండ్రి నా చేతులు పట్టుకొని, “మాస్టారూ, మీరు చెబితే వింటారండీ. మంచినీళ్ళనుకొని పొరపాటున తాగాడని రాసివ్వండి బాబూ. లేకపోతే వీణ్ణి జైల్లో పెడతారంట” అనెను. వ్రాసి యిచ్చితిని. సాక్షిగా చేవ్రాలు చేసితిని. పిల్లవాడు బ్రతికెను. గాయపడినవానికి ముందు చికిత్స చేయవలెను, పోలీసు కాగితములు తరువాత అని సుప్రీంకోర్టు స్పష్టముగ చెప్పినది ఆ తరువాత రెండేండ్లకు, 1989లో.

అసత్యము వ్రాసితినని నేను విచారింపలేదు. విచారము వేఱొకటి. పిల్లవాడు ఇంటికి వచ్చెను, తిరుగ పరీక్షకు కట్టెను, మరుసటి యేడు ఉత్తీర్ణుడయ్యెను. ఈ మధ్యకాలమున, తల్లి గాని, తండ్రి గాని, వైద్యుడు గాని, నేను గాని, “నాయనా, ఏల యిట్లు చేసితివి?” అని వానిని అడిగినవారు లేరు. అడుగుటకు వీలు లేదు. పొరపాటున త్రాగినవానిని ఏమని యడుగుదుము? చట్టము నుండి వానిని కాపాడిన వాక్యమే మనుష్యులకు వానికి నడుమ గోడయైనది. ఒక సంవత్సరపు కారాగారవాసము వ్రాసియున్న చట్టము ఎందఱను కారాగారమునకు పంపినదని లెక్కించి, అల్పసంఖ్య గనుక హాని లేదని వాదించువారు ఈ గోడను లెక్కలోనికి తీసికొనరు.

న్యాయస్థానములు దీనిని గుర్తింపకపోలేదు. 1985లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి రాజీందర్ సచార్, మానసికవైద్యునికడకు పంపదగిన యువకుని నేరస్థులతో కలిపి నిలువబెట్టు ఈ సెక్షను మన సంఘమునకు తగదని వ్రాసిరి. మరుసటి యేడు బొంబాయి ఉన్నత న్యాయస్థానము ఇంకొక అడుగు వేసి, సెక్షనును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. ఆ వ్యాజ్యెమునకు మూలమైనవాడు ఒక పోలీసు జవాను. ప్రమాదమున తలకు దెబ్బ తగిలి మతి స్థిమితము లేనివాడు. పోలీసువారు పెట్టు కేసు పోలీసువాని మెడకే చుట్టుకొన్నది. అయితే మన ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము, తరువాత కొలదికాలమునకే, బొంబాయి మార్గమును అంగీకరింపలేదు. సెక్షను చెల్లుననియు, కరుణింపదగినవారిని కరుణించుటకు న్యాయమూర్తులకు కావలసినంత అధికార మున్నదనియు చెప్పినది. తెలుగువాడనగుటచే ఈ తీర్పును నేను శ్రద్ధగా చదివితిని. అందు దయ లేదనను. కాని ఆ దయ న్యాయస్థానమున నున్నది. మా పిల్లవానికి అది కావలసినచోటు ఆసుపత్రి గుమ్మము.

1994లో సుప్రీంకోర్టున ఇద్దఱు న్యాయమూర్తులు సెక్షనును కొట్టివేసిరి. రెండేండ్లు గడువకమునుపే, 1996వ సంవత్సరము మార్చి 21వ తేదీన, ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని తిరుగ నిలబెట్టినది. జీవించు హక్కులో మరణించు హక్కు ఇమిడియుండదని వారి తర్కము. తర్కము బలమైనదే. ఒకటి మాత్రము తోచుచున్నది. చచ్చుట హక్కు కాకపోవచ్చును. హక్కు కానిదంతయు నేరము కావలెనని నియమ మేది?

పార్లమెంటు నడక ఇంతకంటెను విచిత్రము. లా కమిషను 1971లోనే ఈ సెక్షనును తీసివేయుడని చెప్పెను. రాజ్యసభ 1978లో అట్లే బిల్లు నంగీకరించెను. అది లోకసభకు చేరి తేలకమునుపే 1979లో ఆ సభ రద్దయినది, బిల్లు మురిగిపోయినది. నా విద్యార్థి కథ అటుపిమ్మట ఎనిమిదేండ్లకు జరిగినది. 1997లో లా కమిషను మాట మార్చి సెక్షను ఉండవలెననెను. 2008లో మరల మాట మార్చి తీసివేయుడనెను. 2014లో పదునెనిమిది రాష్ట్రములు ఒప్పుకొన్నవని కేంద్రప్రభుత్వము రాజ్యసభలో తెలిపెను.

తుదకు పని జరిగినది శిక్షాస్మృతిలో కాదు, వైద్యశాస్త్రపు వాకిట. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2018 నుండి అమలైనది, తన 115వ సెక్షనున ఇట్లు చెప్పినది: ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవ్యథలో నుండెనని, వ్యతిరేకముగ రుజువైననే తప్ప, భావింపవలెను, వానిని విచారింపరాదు, శిక్షింపరాదు. శ్రోతలు గమనించిరా? ఇంగ్లండు జూరీలు రెండువందల యేండ్లక్రిందట చాటుగా చెప్పిన మాటను మన చట్టము బహిరంగముగ, తలయెత్తి చెప్పినది. అంతటితో ఆగక, వానికి సంరక్షణము, చికిత్స, పునరావాసము కల్పించుట ప్రభుత్వము విధి యని రెండవ వాక్యము చేర్చినది. నా దృష్టిలో ఆ రెండవ వాక్యమే మొదటిదానికంటె గొప్పది. నేరము కాదని చెప్పి తలుపు మూసికొన్నచో సగము పనియే యగును. 2022వ సంవత్సరము అక్టోబరు నుండి 14416 అను దూరవాణి సంఖ్యతో ప్రభుత్వము ‘టెలి-మానస్’ అను ఏర్పాటు చేసినది. మనోవ్యథ గలవారు ఏ వేళనైనను మాటలాడవచ్చును, తెలుగునను మాటలాడవచ్చును. ఈ సంఖ్యను కాగితముపై వ్రాసి, ఇంట గోడపై పంచాంగము తగిలించుచోట తగిలింపుడని కోరుచున్నాను. ఆ 2018వ సంవత్సరముననే వయస్సు వచ్చినవారు పరస్పరసమ్మతితో రహస్యమున చేయు కార్యములను 377వ సెక్షను నుండి సుప్రీంకోర్టు తప్పించుటయు, బిచ్చమెత్తుటను నేరముగ నెంచు నిబంధనలను ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము కొట్టివేయుటయు జరిగినవి. అవి వేఱు కథలు.

భారతీయ న్యాయసంహిత 2024వ సంవత్సరము జూలై 1వ తేదీన అమలునకు వచ్చినపుడు 309వ సెక్షనునకు ప్రతిరూపము అందు లేకపోయెను. ఫ్రెంచివారివలెనే, ఊరక వ్రాయలేదు.

ఇక నా ఆక్షేపణము. బాధితుడు లేడనుట సరిగాదంటిని. సుందరకాండమున హనుమంతుడు లంకయంతయు వెదకి సీతను గానక, ప్రాణత్యాగమునకు తలపెట్టిన ఘట్టము మీరెఱుగుదురు. అపుడాతడు చేసినది లెక్క. నేను వట్టిచేతులతో మరలిన రాముడు జీవింపడు, రాముడు లేనిచో లక్ష్మణుడు, తరువాత భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు, సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, కిష్కింధయందలి వానరకులమంతయు. ఒక్కొక్కరి పేరు చెప్పి లెక్కించెను. తానొక్కడు పోయిన పోవునది తానొక్కడే కాదని తెలిసికొని, బ్రతికియుండుటకు నిశ్చయించుకొనెను. అపుడు గదా తాను వెదకని అశోకవనము కంటబడినది! కావున బాధితులు కలరు. గంపెడు మంది కలరు. అయితే వారు న్యాయస్థానమున మొఱపెట్టుకొనునది శిక్షింపుడని కాదు. హనుమంతుని ఆపినది సముద్రపుటొడ్డున నిలిచిన రాజభటుడు కాదు, తనవారి తలపు. చట్టభయము పోయినచో అందఱును తెగింతురని శంకించువారు ఒక్కమాట యోచింపవలెను. ఈ చట్టము చచ్చినవానిని ముట్టజాలదు, బ్రతికినవానినే పట్టుకొనును. బ్రతికినందుకు శిక్షించు చట్టమునకు భయపడి బ్రతుకువాడెవడు?

ఒక్కటి మిగిలినది. పాత నేరపు తునక యొకటి క్రొత్త సంహితలో 226వ సెక్షనుగా నిలిచినది. ప్రభుత్వోద్యోగిని తన విధి చేయుమని గాని, మానుమని గాని నిర్బంధించు ఉద్దేశ్యముతో ఆత్మహత్యకు యత్నించిన, ఒక సంవత్సరమువరకు సాధారణ కారాగారవాసము, జరిమానా, లేక సమాజసేవ. ఆంధ్రులకు దీనిని చదువగానే ఒక పేరు మదిలో మెదలును. పొట్టి శ్రీరాములుగారు 1952వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి యింట నిరశనము పూని, డిసెంబరు 15వ తేదీ రాత్రి కన్నుమూసిరి. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. ఆయన చావగోరిరా? రాష్ట్రము గోరిరి. మణిపురమున ఇరోమ్ షర్మిలాదేవి 2000వ సంవత్సరము నుండి 2016 వరకు అన్నము ముట్టలేదు. ఆమెపై 309వ సెక్షను క్రిందనే కేసు పెట్టిరి. శిక్షకు గడువు ఒక యేడే గనుక ఏటేట విడుదల చేయుచు, మరల నిర్బంధించుచు, ముక్కునుండి గొట్టమున ఆహారము నెక్కించుచు పదునాఱేండ్లు నడపిరి. తాను చావగోరుట లేదని ఆమె పలుమాఱులు చెప్పెను. నిరశనవ్రతము ఆత్మహత్యాయత్నమా కాదా యను చిక్కు క్రొత్త సెక్షనునకును తప్పదు. దుఃఖించువానిని విడిచిపెట్టి, ప్రభుత్వముతో పట్టుపట్టినవానిపై మాత్రము దండమును నిలుపుకొనుట నా బుద్ధికి సరిపడలేదు. పెట్రోలు డబ్బా పట్టుకొని కచేరీ ముంగిట నిలిచినవానివలన ఉద్యోగులకు కలుగు అపాయమును నేనెఱుగుదును. దానికి వేఱు సెక్షనులు చాలును.

నా విద్యార్థి మాట సగములో విడిచితిని. 2019వ సంవత్సరమున అతడు తన కుమార్తె శుభలేఖ నిచ్చుటకై మా యింటికి వచ్చెను. తల నెరసినది. చట్టము మారినదని పత్రికలో చదివినప్పటినుండి నన్ను పీడించుచున్న ప్రశ్నను ముప్పదిరెండేండ్ల తరువాత ఆనాడు అడిగితిని. అతడు కొంతసేపు శుభలేఖనే చూచుచుండి, “ఆ రోజు ఎవరైనా అడుగుతారేమోనని చూశానండీ, మాస్టారూ” అనెను. ఆ పిమ్మట చెప్ప నారంభించెను. చెప్పి ముగించునప్పటికి వీధి దీపములు వెలిగినవి.